ల్యాంపు వచ్చింది, మనిషి రాలేదు

ఆ రోజు మొదటి షిఫ్టు వదిలాక గని దగ్గరి స్నానాల గదిలోంచి తల తుడుచుకుంటూ వచ్చిన ఒకాయన నా చేతిలో మా ఆయన చొక్కా పెట్టాడు.

"ఇగో చెల్లె, మీ ఆయన అంగి. కొక్కేనికే ఇడిశిపెట్టి పోయిండు. గిసొంటి మతిమరుపు మనిషితోని ఎట్ల ఏగుతున్నవో ఏమో," అని నవ్వి, గేటు బయట హారన్ కొడుతున్న షేర్ ఆటో వైపు ఉరికాడు.

నేనూ నవ్వాను. చొక్కా మడత పెడుతుంటే జేబులో గట్టిగా ఏదో తగిలింది. బండి తాళం చెవి. తలెత్తి చూశాను. మా బండి స్టాండులోనే ఉంది, పొద్దున పెట్టిన చోటే, హెల్మెట్ అద్దానికి వేలాడుతూ. నా నవ్వు అక్కడితో ఆగిపోయింది. గనిలోంచి పైకి వచ్చినవాళ్ళు ముందు ఒళ్ళు కడుక్కుంటారు, ఇంటి బట్టలు వేసుకుంటారు, ఆ తర్వాతే ఇంకేదైనా. ఆయన చొక్కా నా చేతిలో ఉంది. బండి ఎదురుగా ఉంది. మరి మనిషి?

అయినా నన్ను నేను సముదాయించుకున్నాను. ఎందుకంటే ఆయన ల్యాంపు పైకి వచ్చేసింది. కాసేపటి కిందటే దాన్ని నా కళ్ళతో చూశాను.

నా డ్యూటీ అదే గనిలో, ల్యాంప్ రూములో. నాన్న ఒంట్లో బాగాలేక అన్‌ఫిట్ అయినప్పుడు ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. అప్పటికి డిగ్రీ పూర్తిచేసి, ఏదో ఒక ఆఫీసులో కుర్చీ దొరుకుతుందని కలలు కంటున్నాను. దొరికింది ఈ రూము. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే ల్యాంపు ఒకటి ఉంటుంది, దాని మీద వాళ్ళ నంబరు ఉంటుంది. దిగేటప్పుడు మా కిటికీ దగ్గర తీసుకుంటారు, పైకి వచ్చాక ఇచ్చేస్తారు. మేం దాన్ని ఆ నంబరు గూట్లోనే చార్జింగుకు పెడతాం. గూడు ఖాళీగా ఉంటే మనిషి లోపల ఉన్నాడు. గూట్లో ల్యాంపు ఉంటే మనిషి పైన ఉన్నాడు. ఉద్యోగంలో చేరిన రోజు నాకు మొట్టమొదట నేర్పింది ఇదే.

మా ఆయన పంపు ఆపరేటర్. బొగ్గు తీయడం ఎప్పుడో ఆగిపోయిన ఒక పల్లపు భాగం ఉంది, దాన్ని అందరూ పాత డిప్పు అంటారు. గనిలో ఊరే నీళ్ళన్నీ అటే చేరతాయి. అక్కడ పంపు ఆగకుండా నడవాలి. దాని దగ్గర షిఫ్టుకు ఒక్కడే మనిషి. ఆయన దిగిన ప్రతిసారీ, షిఫ్టు ముగిసే వేళకు నా చూపు దానంతటదే ఆయన గూటి మీదికి పోతుంది. రెండో కాన్పు తర్వాత ఈ అలవాటు మరీ ముదిరింది. గూట్లో చిన్న ఎర్ర లైటు వెలిగితేనే నాకు ఊపిరి ఆడుతుంది. ఆ రోజూ వెలిగింది. అది చూసి, లోపలి గదిలో చెడిపోయిన ల్యాంపుల పని ముగించుకుని, పాపకు మర్నాటి బడికి ఏం పెట్టాలా అని ఆలోచించుకుంటూ బయటికి వచ్చాను.

ఇద్దరిదీ మొదటి షిఫ్టు అయినప్పుడు ఆయన బండి దగ్గర నిలబడి ఉంటాడు. గనిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఆయన ఫోను నా బ్యాగులోనే ఉంటుంది. కాబట్టి ఫోన్ చేసి కనుక్కునే వీలు కూడా లేదు.

క్యాంటీనులో చూద్దామని వెళ్ళాను. టీ తాగుతున్న నలుగురైదుగురు నన్ను చూసి జరిగి దారిచ్చారు. మా ఆయన వచ్చాడా అని అడిగాను.

"ఇయ్యాల కనవడలే చెల్లె," అన్నాడొకడు.

"యాడనో దావత్ ఉన్నదేమో. నీకు జెప్పి పోతడా మరి?" అన్నాడు రెండోవాడు.

"అంగి లేకుంటనా దావత్?" అని చేతిలోని చొక్కా చూపించాను.

"మా దావతులకు అంగీలతోని పనేముంది?" అనేసరికి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. వాళ్ళ నవ్వులో చెడు ఏమీ లేదు. నా ముఖం చూసి ఒకతను మాత్రం టీ గ్లాసు కింద పెట్టేశాడు.

నేను మళ్ళీ ల్యాంప్ రూముకు వచ్చాను. కిటికీ దగ్గర డ్యూటీ చేసిన అక్క ఇంటికి వెళ్ళడానికి చెప్పులు వేసుకుంటోంది. నాకంటే వయసులో పెద్దది. భర్త పోయాక ఆయన ఉద్యోగంలోకి వచ్చింది. నాకు ఈ పని నేర్పింది ఆమే.

"అక్కా, మా ఆయన ల్యాంపు ఎవలిచ్చిండ్రు?"

"ఎవలిస్తరే? ఆయినే ఇచ్చిండు."

"నువ్వు చూసినవా?"

"చూడకుండ తీసుకుంటనా?" అంది. అంటున్నప్పుడు ఆమె చూపు చెప్పుల మీదే ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎవరి ల్యాంపు వాళ్ళే ఇవ్వాలని మా కిటికీ పక్కన పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. ఆ బోర్డు పక్కనే ఒక్కొక్కడు తోటివాళ్ళవి మూడో నాలుగో ల్యాంపులు భుజాన వేసుకొచ్చి కిటికీలోంచి తోస్తుంటాడు. ఒకడు స్నానానికి లైను పట్టుకుంటాడు, ఒకడు ఆటోలో సీటు పట్టుకుంటాడు, ఒకడు అందరి ల్యాంపులూ ఇచ్చేస్తాడు. పొద్దస్తమానం ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకుని పనిచేసేవాళ్ళకు ఇదొక పెద్ద సాయంగా కూడా తోచదు. తీసుకోనని అంటే, "మా మీద నమ్మకం లేదా అక్కా?" అంటారు. అంతటితో ఆగక, నాలుగు రోజులు కిటికీ ముందు "మేనేజర్ సాబొచ్చిండు, లేవుండ్రి" అని వెక్కిరిస్తారు. అందుకే తీసుకుంటాం. తీసుకునేటప్పుడు చూసేది నంబరునే, ముఖాన్ని కాదు.

అక్క అబద్ధం చెప్తోందని నాకు అనుమానం వచ్చింది. కానీ ఆమెను ఇంకొక్క మాట అడిగే ధైర్యం లేకపోయింది. అంతకుముందు ఒక ల్యాంపు పోయినప్పుడు ఆమెకు మెమో వచ్చింది. మరొకటి వస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆమె ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

పంపుల ఫోర్‌మన్ గది పక్కనే. ఆయన్ను పాత డిప్పు పంపు దగ్గరికి ఫోన్ చేయమన్నాను. చేశాడు. రింగ్ పోతూనే ఉంది.

"షిఫ్టు అయిపోయినంక ఎవలెత్తుతరమ్మా?" అన్నాడు.

"రెండో షిఫ్టు ఆయన దిగంగనే పోయి చూస్తడు గద?"

"ఆయిన ఇయ్యాల నాగా, డ్యూటీకే రాలే. నీళ్ళు తక్కువనే ఉన్నయి, పంపు నడుస్తనే ఉంటది. రాత్రి షిఫ్టు ఆయిన పోయి చూస్తడు. నువ్వు ఫికర్ పెట్టుకోకు, ఇంటికి పో. ఆయిన నీకంటె ముందే ఇంట్ల ఉంటడు."

అంటే రాత్రి దాకా ఆ డిప్పులోకి ఒక్క మనిషి కూడా వెళ్ళడన్నమాట. నేను ఆ మాట ఇంకా మింగుతూనే ఉన్నాను, గుమ్మంలో నిలబడి ఉన్న ఎలక్ట్రీషియన్ తన ధోరణిలో తాను అన్నాడు.

"పంపేడ నడుస్తది? మధ్యాహ్నమే ఆ లైను కరెంటు ట్రిప్పయింది."

ఫోర్‌మన్ కుర్చీలోంచి లేచాడు. "నాకెందుకు చెప్పలే?"

"మా షిఫ్టోళ్ళకు చెప్పిన. రెండో షిఫ్టుల చూస్తమన్నరు. కరెంటు మాది, పంపు మీది. మీ మనిషి ఫోన్ చేసి అడగాలె గద?"

"మా మనిషి ఫోన్ చెయ్యకపోతె నీకు డౌట్ రాలేదా?"

"నీకొచ్చిందా మరి?"

వాళ్ళిద్దరూ గొంతులు పెంచుతున్నారు. నాకు ఆ మాటలు దూరం నుంచి వినిపిస్తున్నట్టుంది. కరెంటు పోతే మా ఆయన ఫోన్ చేయకుండా ఉండడు. మధ్యాహ్నం నుంచి పంపు ఆగిపోయింది. ఆగిపోయిందంటే నీళ్ళు పెరుగుతున్నాయి. ఆయన ఫోన్ చేయలేదు. చేయలేకపోయాడు.

అప్పుడే బ్యాగులో ఫోన్ మోగింది. ఇంటి పక్కన ఉండే పిన్నిగారి ఫోన్ నుంచి మా పాప. బడి నుంచి వచ్చాక తమ్ముడితో కలిసి వాళ్ళింట్లోనే ఉంటుంది. "మమ్మీ, ఇంకా రాలేదేంది? తమ్ముడు ఏడుస్తుండు."

"వస్తున్నం బిడ్డా," అన్నాను. ఆ 'వస్తున్నం' నా గొంతులోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆ తర్వాత నేను నడిచానో పరిగెత్తానో గుర్తులేదు. అండర్ మేనేజర్ గది ముందు నిలబడేసరికి నా వెనక ఫోర్‌మన్, ఎలక్ట్రీషియన్, క్యాంటీనులో టీ గ్లాసు కింద పెట్టినతను ఉన్నారు. రెండో షిఫ్టువాళ్ళు దిగడానికి సిద్ధంగా గుంపుగా నిలబడి మావైపే చూస్తున్నారు. అక్క కూడా వచ్చింది. ఇంటికి వెళ్ళలేదు.

అండర్ మేనేజర్‌ది కోస్తా వైపు. చిన్న వయసు, ఈ గనికి కొత్త. విన్నాడు. "లాంప్ వచ్చిందా, లేదా?" అని అడిగాడు.

"వచ్చింది సార్."

"మరి లాంప్ లేకుండా మనిషి లోపల ఎలా ఉంటాడమ్మా? చీకట్లో ఒక్క అడుగు వేయలేడు కదా."

ఆయన అడిగింది తప్పు కాదు. ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం గూట్లో ఎర్రగా వెలుగుతోంది. అది చెప్పేది ఒకటి, నా చేతిలోని చొక్కా చెప్పేది ఒకటి.

"సరే, ఎవరు తీసుకున్నారు ఆ లాంప్? ఎవరు తెచ్చిచ్చారు? ముందు అది తేలాలి. బాధ్యత ఎవరిదో తెలియాలి కదా," అన్నాడు.

ఆ మాటతో అక్కడ అందరి నోళ్ళూ మూతపడ్డాయి. అంతవరకూ గొడవపడుతున్న ఫోర్‌మన్, ఎలక్ట్రీషియన్ కూడా గోడ వైపు చూశారు. గది ముందు షెడ్డు కింద అంతమంది ఉన్నారు. అందరికీ ఏదో ఒక ముక్క తెలుసని నాకు అర్థమవుతోంది. ఆ ముక్క బయటపెడితే అది ఛార్జిషీటయి తిరిగొస్తుందని వాళ్ళ భయం. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నేను వాళ్ళ చోట ఉన్నా అలాగే గోడ వైపు చూసేదాన్నేమో. కానీ ఆ క్షణాన నేను వాళ్ళ చోట లేను.

"సార్," అన్నాను. "ల్యాంపు ఎవలు తీసుకున్నరో రేపు అడుగుండ్రి. ఆయన్ను ఎవలు చూసిండ్రో ఇప్పుడు అడుగుండ్రి."

ఆయన నన్ను చూశాడు. కోప్పడతాడనుకున్నాను. గుమ్మం దాటి బయటికి వచ్చి, షెడ్డు అరుగు మీద నిలబడి గట్టిగా అడిగాడు.

"పాత డిప్పు పంపు ఆపరేటర్‌ని పైకి వచ్చాక కళ్ళారా చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మ్యాన్ రైడింగ్ బండిలో చూసినవాళ్ళు? స్నానాల దగ్గర? ఎక్కడైనా సరే. ఎవరినీ ఏమీ అనను. ఇప్పుడు మనిషి దొరకడమే కావాలి."

ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ఇంక్లైన్‌లో, అంటే గనిలోకి దిగే ఏటవాలు దారిలో, జనాన్ని తాడుతో పైకి లాగే బండి ఆపరేటర్ తల అడ్డంగా ఊపాడు. "ఆయిన నా బండిల రాలే సార్. నేను గమనించిన. నడుచుకుంట వచ్చిండేమో అనుకున్న."

అప్పుడు అక్క ముందుకు వచ్చింది. చీర కొంగు పిడికిట్లో పట్టుకుని ఉంది.

"ఆయిన ఇయ్యలే సార్. వేరే ఆయిన మూడు నాలుగు ల్యాంపులు ఒక్కసారే తెచ్చిండు. నేను నంబర్లు చూసి పెట్టిన. మనిషిని చూడలే." నా వైపు తిరిగి, "చెల్లె, నీతోని అబద్ధం చెప్పిన," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత సమయం పోయింది ఆ అబద్ధంతో! ఆమె నా భుజం మీద చెయ్యి వేయబోతే తోసేశాను. అందరూ చూశారు. చూడనీ అనుకున్నాను.

ఆ తోపుకు పక్కకు ఒరిగి, స్తంభం పట్టుకుని నిలబడి, ఆమె మాట ఆపలేదు. "ఇంకొకటి సార్. ఒక గూడు ఖాళీగ ఉన్నది. టింబరు పని చేసే కాకది. ఆయినకు జరం వచ్చి షిఫ్టు మధ్యలనే ఇంటికి పోయిండు. ల్యాంపు నెత్తి మీదనే పెట్టుకొని పోయిండనుకున్నం. ఇదివరకు ఒకసారి అట్లనే పోయిండు గద, అందరం నవ్వుకున్నం."

గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే పనిని టింబరు పని అంటారు. ఆ కాక అందులో తల నెరిసినవాడు, త్వరలో రిటైరు కాబోతున్నవాడు. ఆయన ల్యాంపు రాలేదు, మనిషి ఇంట్లో ఉన్నాడు. మా ఆయన ల్యాంపు వచ్చింది, మనిషి లేడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడటానికి అక్కడున్న ఎవరికీ ఎక్కువ సేపు పట్టలేదు. ల్యాంపులు చేతులు మారాయి.

రెండో షిఫ్టు దిగడం ఆపేశారు. ఫోర్‌మన్, ఎలక్ట్రీషియన్, లోపలి పని పర్యవేక్షించే ఒక సర్దార్, ఫస్ట్ ఎయిడ్ తెలిసినతను స్ట్రెచర్‌తో మొదటి బండిలో దిగారు. అండర్ మేనేజర్ కూడా టోపీ పెట్టుకుని వాళ్ళతోనే దిగాడు. కాసేపటి కిందట పంపు నీదా కరెంటు నాదా అని కొట్లాడుకున్న ఇద్దరూ ఒకే సీటులో మోకాళ్ళు తగిలేలా కూర్చోవడం చూశాను. టీ గ్లాసు కింద పెట్టినతను తన బైకు తీసుకుని కాక క్వార్టరుకు వెళ్ళాడు. కాక ఫోను ఎవరూ ఎత్తడం లేదు.

ఇంక్లైన్ ముందు నిలబడ్డాను. నన్ను దిగనివ్వరు, అడగను కూడా లేదు. లోపలి నుంచి గాలి చల్లగా ముఖానికి కొడుతోంది. పట్టాల మధ్య తాడు కదులుతూ కదులుతూ ఆగిపోయింది. అంటే వాళ్ళు దిగిపోయారు. ఇక నడవాలి. ఇంటి నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది, ఎత్తలేదు. పాపకు ఏం చెప్పను?

షెడ్డులో ఫోన్ మోగింది. బండి ఆపరేటర్ ఎత్తాడు, విన్నాడు, నా వైపు చూడకుండా అన్నాడు. "పంపు కాడికి చేరిండ్రు. మనిషి లేడంట. నీళ్ళు పంపు దిమ్మె దాక వచ్చినయంట."

అక్క నన్ను పట్టుకుంది. ఈసారి తోసెయ్యలేదు.

ఆ డిప్పులో దారులు ఒకటి కాదు. పాతవి, కొత్తవి, మూసేసినవి. ఎటు వెతకాలి? వాళ్ళు ఫోనులో అడుగుతున్నది కూడా అదే. పైన ఉన్నవాళ్ళు తలా ఒకటి చెప్తున్నారు. అప్పుడు కాక క్వార్టరుకు వెళ్ళినతని బైకు గేటులోకి వచ్చింది. వెనక కాక, ఎండలో మఫ్లర్ చుట్టుకుని, జ్వరానికి కళ్ళు ఎర్రబడి. దిగీ దిగకముందే నా ముఖం చూసి ఆయనకు అర్థమైంది.

"బిడ్డా, నా ల్యాంపు నీ పెనిమిటి కాడనే ఉన్నది," అన్నాడు. "ఆయినది గుడ్డిగ వెలుగుతాంది. ఒక్కడే డిప్పుల ఉండేటోడు, అది ఆరిపోతె ఎట్ల అని నాది ఇచ్చి ఆయినది తెచ్చుకున్న. పైన చెప్తనన్న. పైకొచ్చేసరికి వణుకుడు షురువైంది. అందరియి ఇచ్చేటప్పుడు ఇయ్యిమని దోస్తు చేతుల పెట్టి ఇంటికి పోయి గోలీ ఏసుకొని పన్న. చెప్పలే బిడ్డా, చెప్పుడు మర్శిన."

"కాకా, ఆయన ఎటు పోయిండు? అది చెప్పు!" అని అరిచాను.

"వాల్వు కారుతాంది, చూసి వస్తనన్నడు. పాత నడక దారిల. అక్కడ్నే నేను ఇడిశిపెట్టిన."

బండి ఆపరేటర్ ఆ మాట ఫోనులో రెండుసార్లు అరిచి చెప్పాడు. పాత నడక దారి, వాల్వు దగ్గర. కాక నేల మీదే కూలబడ్డాడు. ఎవరో నీళ్ళిచ్చారు, తాగలేదు.

ఆ తర్వాతి ఎదురుచూపు గురించి రాయాలని ఇప్పటికి చాలాసార్లు ప్రయత్నించాను. రాదు. నేను దేవుణ్ణి మొక్కుకోలేదు. పాపకు రేపు ఎవరు జడ వేస్తారు, బాబుకు జ్వరం వస్తే దవాఖానకు ఎవరు తీసుకెళ్తారు, ఇలాంటివే తిరిగాయి తలలో. జడ ఎప్పుడూ నేనే వేస్తాను. అయినా అదే ప్రశ్న వచ్చింది.

మళ్ళీ ఫోన్ మోగింది. ఆపరేటర్ విని, రిసీవర్ చెవి దగ్గరే ఉంచుకుని, రెండో చెయ్యి పైకెత్తాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "ఉన్నడు! మాట్లాడుతుండంట!"

ఆయన వాల్వు దగ్గర తడి రాతి మీద జారి, మోకాలి కింద కాలు విరగ్గొట్టుకున్నాడు. ఫోను దాకా పాకలేకపోయాడు. కరెంటు పోయాక నీళ్ళు పైకి వస్తుంటే, కాలు ఈడ్చుకుంటూ కొంచెం ఎత్తుగా ఉన్న వైపు గోడకు చేరగిలబడ్డాడు. దొరికేసరికి నీళ్ళు నడుము దాకా వచ్చాయి. అరిచీ అరిచీ గొంతు పోయింది. వాళ్ళకు మొదట కనిపించింది మనిషి కాదట, మలుపులో గోడ మీద కదులుతున్న వెలుగు. కాక ఇచ్చిన ల్యాంపు వెలుగు. ఆ ల్యాంపు ఇవ్వకపోయి ఉంటే ఆయన లోపల ఉన్న సంగతి పైన వెంటనే తెలిసేది. ఇవ్వకపోయి ఉంటే ఆ నీళ్ళలో ఆయన చీకట్లో కూర్చుని ఉండేవాడు. ఏది మేలో ఈ రోజుకీ నాకు తేలలేదు. తేల్చుకోవడం మానేశాను.

స్ట్రెచర్ మీద పైకి తెచ్చినప్పుడు ఆయన పెదాలు నల్లబడి వణుకుతున్నాయి. నన్ను చూసి మొదట అన్న మాట, "ఈ ల్యాంపు కాకది. ఇచ్చెయ్యి." చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా నవ్వేశారు. నేను ఏడ్చాను.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. మెమోలు వచ్చాయి, అక్కకూ కాకకూ కూడా. అందరి ముందూ తామే చెప్పారని అండర్ మేనేజర్ రాసిచ్చాడు, హెచ్చరికతో పోయింది. ఎవరినీ ఏమీ అననని మాట ఇచ్చి మెమో ఇప్పించాడని కొందరు ఇప్పటికీ గొణుగుతారు. అది ఆయన చేతిలో లేదని ఇంకొందరు అంటారు. ఇప్పుడు షిఫ్టు మారేటప్పుడు పంపువాళ్ళు, కరెంటువాళ్ళు, బండి ఆపరేటర్, మా ల్యాంప్ రూమువాళ్ళు షెడ్డు కింద కాసేపు నిలబడి ఎవరికి తెలిసింది వాళ్ళు చెప్పుకుంటున్నాం. ఎవరు దిగారు, ఎవరు రాలేదు, ఏది ఆగింది. "బడిపిల్లల ప్రార్థన లెక్కున్నది," అని వెక్కిరించేవాళ్ళున్నారు. ఆ వెక్కిరించేవాడే మొన్న గనిలో గాలిని మళ్ళించే ఎయిర్ డోర్ ఒకటి విరిగిందని మొదట చెప్పాడు. తప్పు ఎవరిదని అడగడం ఆ నిలబడే చోట వద్దని అనుకున్నాం. అది ఆఫీసులో అడుగుతారు, ఎలాగూ అడుగుతారు.

కిటికీ దగ్గర ఒకరి ల్యాంపు ఇంకొకరు తెస్తే ఇప్పుడు తీసుకోం. అక్కే తీసుకోదు. "నీ మొకం చూపించు బిడ్డా, నీ నంబరు నాకెందుకు?" అంటుంది. వాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళి మనిషిని తీసుకొస్తారు. నేనూ ఆమే మాట్లాడుకుంటున్నాం. మునుపటిలా మాత్రం ఇంకా కాలేదు. ఒకే డబ్బాలో తినడం మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందో చూడాలి. ముందు నేనే పిలవాలేమో.

గనిలోంచి పైకి తెచ్చిన రాత్రి దవాఖానలో ఆయన దగ్గర మా అన్న, నేను ఉన్నాం. తెల్లవారాక అన్నను అక్కడ ఉంచి నేను ఇంటికి వచ్చాను. పిన్నిగారు గుమ్మంలోనే ఆపి, గొంతు తగ్గించి అన్నారు. "పిల్లలకు ఏమీ చెప్పలేదమ్మా. నాన్న వచ్చేశాడు, మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు అన్నాను. నువ్వూ అలాగే చెప్పు, బెదిరిపోతారు. పెద్దయ్యాక తెలుసుకుంటారులే." రాత్రంతా నా పిల్లల్ని కడుపులో పెట్టుకుని చూసిన మనిషి. నా మేలు కోరే అన్నారు.

లోపల పాప లేచి కూర్చుని ఉంది. బాబు దాని ఒళ్ళో తల పెట్టుకున్నాడు.

"డాడీ వచ్చి మళ్ళ పోయిండంట గద?" అంది పాప. కానీ దాని చూపు గుమ్మం దగ్గర ఆయన చెప్పులుండే చోటు మీద ఉంది. చెప్పులు అక్కడ లేవు.

నేను వాళ్ళ ముందు కింద కూర్చున్నాను.

"రాలేదు," అన్నాను. "డాడీ నిన్న ఇంటికి రాలేదు. గనిల జారిపడ్డడు, కాలు విరిగింది. చాలా సేపు ఒక్కడే ఉన్నడు. ఉన్నడని పైన మాకు తెలియలే. అందరం మాకు తెలిసింది చెప్పుకున్నంక దొరికిండు. ఇప్పుడు దవాఖానల ఉన్నడు. మామయ్య ఆయన పక్కన ఉన్నడు."

పాప ఏడవలేదు. "భయపడ్డడా?" అని అడిగింది.

"భయపడ్డడు. నేను గూడ భయపడ్డ."

"మరి డాడీ వచ్చిండని పిన్నిగారు ఎందుకు చెప్పింది?"

"మీరు నిద్రపోవాలని. కానీ నువ్వు నన్ను ఏదడిగినా నేను ఉన్నదే చెప్త. తెలియకపోతె తెలియదని చెప్త. నువ్వు గూడ నాకు అట్లనే చెప్పాలె. తిడ్తనని భయమైతె ముందు చెప్పు, తిట్టుడు తర్వాత చూసుకుందం. లే, మొకం కడుక్కో. జడ వేస్త. అందరం పోయి డాడీని చూసొద్దం."